చక్రాల మీది మాటు

శీతకాలం పొద్దున శనగ చేల మధ్య రోడ్డు మీద మెల్లగా పోతున్న కారును కరెంటు తీగ మీది పాలపిట్ట పెద్దగా లెక్కచెయ్యదు. ఒకసారి తల తిప్పి చూస్తుంది, మళ్లీ నేల మీద పురుగు కదలిక కోసం చూపు దించుకుంటుంది. అదే కారు ఆగి, తలుపు తెరుచుకుని, ఒక మనిషి కాలు కింద పెట్టాడంటే చాలు, నీలి రెక్కలు విప్పి నాలుగు స్తంభాల అవతలికి పోతుంది. కారు మనకంటే ఎన్నో రెట్లు బరువైనది, చప్పుడు చేసేది, ఏటా లెక్కలేనన్ని పక్షుల్ని గుద్ది చంపేది. ఆ దిగినవాడి చేతిలో బైనాక్యులర్ తప్ప ఏమీ లేదు. అయినా పిట్ట పారిపోయేది మనిషిని చూసే. ఇది పక్షి తెలివితక్కువతనం కాదు. ముప్పును అది ఎలా అంచనా కడుతుందో ఆ పద్ధతిలోనే దీనికి జవాబుంది. ఆ పద్ధతి తెలుసుకుంటే ఇంకో సంగతి కూడా బోధపడుతుంది. చెట్టూ చాటూ లేని చేలల్లో చలికాలపు పక్షుల్ని చూడటానికీ, చూసినవాటిని పనికొచ్చేలా లెక్కపెట్టడానికీ సామాన్యుడికి అందుబాటులో ఉన్న పరికరాల్లో నెమ్మదిగా నడిచే కారును మించింది లేదు. కారులో కూర్చుని పక్షుల్ని చూడటం సోమరుల సరదా అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ మాట ఎందుకు నిలవదో, ఏ మేరకు నిలుస్తుందో కూడా, సాక్ష్యాలతో చూద్దాం.

ముందు ఆ నేల సంగతి. కర్నూలు, నంద్యాల ప్రాంతపు నల్లరేగడిలో శనగ వానకాలం పంట కాదు. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుతారు. భూమిలో నిలిచిన పదునుతోనే పంట పండుతుంది. 1999లో విడుదలైన జేజీ-11 లాంటి తక్కువకాలపు రకాలు వచ్చాక ఈ సీమలో శనగ సాగు బాగా పెరిగింది. అంతకుముందు పత్తి, పొద్దుతిరుగుడు, పొగాకు వేసిన చేలు కొన్ని శనగకు మారాయి. శనగ మొక్క మోకాలు దాటదు. దాంతో డిసెంబరు, జనవరి నెలల్లో మైళ్ల పొడవునా చూపుకు అడ్డం లేని మైదానం పరుచుకుంటుంది. మధ్యమధ్య జొన్న, కొర్ర కోసిన చేలు, బీళ్లు, గడ్డి గట్లు. మనుషుల కంటికి ఖాళీగా కనిపించే ఈ నేల మీదికే కజకస్తాన్, దక్షిణ రష్యా గడ్డిమైదానాల నుంచి పిల్లిగద్దలు వస్తాయి. మధ్య ఆసియా నుంచి పలిస పిట్టలు గుంపులుగా జొన్న చేలకు దిగుతాయి. మట్టిరంగులో కలిసిపోయే షార్ట్‌టోడ్ లార్క్‌లు వందల్లో దున్నిన నేల మీద మేస్తాయి. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండే తీతువులు, కౌజులు, ఏట్రింతలు, పాలపిట్టలు సరేసరి. అడవి పక్షికి ఆకు చాటుంది, చెరువు బాతుకు నీటి దూరముంది. చేలల్లో బతికే పక్షికి ఉన్న రక్షణ ఒక్కటే, దూరం నుంచే చూసి ముందే లేచిపోవడం. అందుకే ఈ నేల మీద కాలినడకన పక్షి దగ్గరికి పోవడం అన్నిటికంటే కష్టం. మనం దాన్ని చూసేలోపే అది మనల్ని చూసి ఉంటుంది.

ముప్పు ఎంత దగ్గరికొస్తే పక్షి లేచిపోతుందో ఆ దూరాన్ని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా కొలుస్తున్నారు. దాన్ని మనం బెదురు దూరం అందాం. కొలిచే పని చూడటానికి సులువే. ఒక మనిషి ఒకే వేగంతో పక్షివైపు నడుస్తాడు, అది ఎగిరిన క్షణంలో ఆగి, మధ్య ఎంత దూరం ఉందో కొలుచుకుంటాడు. ఇలా వందల జాతుల మీద కొలిచాక తేలిన వాటిలో ఒకటి, మొత్తం మీద పెద్ద పక్షులకు బెదురు దూరం ఎక్కువ అని. పిచ్చుక కాలికింద దాకా ఆగుతుంది, గద్ద వంద గజాల అవతలే లేస్తుంది. 2013లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి నీటిశుద్ధి కుంటల మీద జరిగిన ఒక అధ్యయనం మన ప్రశ్ననే నేరుగా పరీక్షించింది. ఒంటరిగా నడిచే మనిషి, కలిసి నడిచే ముగ్గురు, సైకిలు, కారు, బస్సు, వీటన్నిటికీ నీటిపక్షులు ఎంత దూరంలో లేస్తున్నాయో కొలిచి పోల్చారు. మొత్తం మీద నడిచి వచ్చే మనుషులకే ఎక్కువ దూరం నుంచి బెదిరాయి, కారుకూ బస్సుకూ అంత బెదరలేదు. అక్కడి కొంగలకూ బాతులకూ వర్తించింది మన గద్దలకూ అచ్చంగా అంతే వర్తిస్తుందని చెప్పలేం. కానీ చేల రోడ్ల మీద తిరిగేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నది ఊహ కాదనీ, కొలతకు నిలిచే తేడా అనీ అది రుజువు చేసింది. ఆ తేడా పక్షికి చాలా విలువైనది కూడా. మేతలో ఉన్నదాన్ని లేపిన ప్రతిసారీ తినే సమయం పోతుంది, ఎగరడానికి బలం ఖర్చవుతుంది. పగలు పొట్టిగా ఉండే రోజుల్లో, మార్చి, ఏప్రిల్ తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవలసిన వలస పక్షికి అది చిన్న నష్టం కాదు.

అయితే మనిషి ఆకారమే పక్షికి భయమా? అలా అనుకుంటే వెంటనే ఒక అడ్డుప్రశ్న వస్తుంది. దుక్కి దున్నే రైతు వెనక బారెడు దూరంలో తెల్లకొంగలు నడుస్తాయి, నాగలి చాలులో బయటపడ్డ పురుగుల్ని ఏట్రింతలు ఎగిరి పట్టుకుంటాయి. ఆ రైతు మనిషి కాడా? కాబట్టి భయం రెండుకాళ్ల ఆకారానిది మాత్రమే కాదు. ఆ ఆకారం ఏం చేస్తోందన్నది పక్షి చదువుకుంటుంది. దీనికీ ప్రయోగాల్లో సాక్ష్యం ఉంది. 2008లో ఇంగ్లండులో స్టార్లింగ్ పిట్టల ముందు మేత పెట్టి, పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి కళ్లు మేత వైపు ఉన్నప్పుడు పిట్టలు తినడానికి ఆలస్యం చేశాయి, చూపు పక్కకు తిప్పుకున్నప్పుడు త్వరగా వచ్చి తిన్నాయి. తల కదలకుండా చూపు మాత్రమే మారినా అవి గుర్తించాయి. అంతకుముందే గల్ పక్షుల మీద చేసిన పరిశీలనల్లో, నేరుగా వాటివైపు నడిచినవాణ్ని చూసి దూరం నుంచే లేచిన పక్షులు, పక్కనుంచి దాటిపోయేవాణ్ని ఇంకా దగ్గరికి రానిచ్చాయి. చూపు ఎటుంది, నడక ఎటుంది, ఆగుతున్నాడా సాగిపోతున్నాడా, ఇవే పక్షి లెక్కలోకి తీసుకునే అంశాలు. దున్నే రైతు చూపు చాలు మీద ఉంటుంది, ఒకే బాటలో సాగిపోతాడు. పక్షి కోసం వచ్చిన మనిషి అందుకు పూర్తిగా విరుద్ధం. దాన్నే చూస్తాడు, దానివైపే నడుస్తాడు, ఆగుతాడు, చెయ్యెత్తి ఏదో కంటికి ఆనించుకుంటాడు. వేటాడే జంతువు చేసే పనులన్నీ అతను చేస్తున్నాడు.

కారు ఈ సంకేతాలన్నిటినీ ఒకేసారి తీసేస్తుంది. అద్దం వెనక కళ్లు సరిగా కనబడవు, కాళ్లు కనబడవు, నడక తీరు ఉండదు. పైగా కారు ఎప్పుడూ రోడ్డు వెంటే పోతుంది తప్ప పక్షివైపు తిరగదు. ఈ సూత్రం కార్లు రాకముందే మన వేటగాళ్లకు తెలుసు. దక్కన్ బయళ్లలో బట్టమేక పక్షినీ కృష్ణజింకనూ కాలినడకన సమీపించలేక, ఎద్దుబండి చాటున నక్కి, బండిని వాటివైపు తోలకుండా చుట్టూ తిప్పుతూ కొద్దికొద్దిగా దగ్గరయ్యేవారు. రోజూ కంటపడే బండి పక్షికి ముప్పు కాదు, అది నేరుగా తనవైపు రావడమూ లేదు. చంపడానికి వాడిన ఆ ఉపాయమే ఇప్పుడు కారు రూపంలో చూడటానికి పనికొస్తోంది. ఇందులోంచి ఒక నియమం కూడా పుడుతుంది. పక్షి పక్కకు రాగానే బ్రేకు వెయ్యడం పొరపాటు. సాగిపోయే వస్తువు ఉన్నట్టుండి ఆగడమే దానికి మొదటి హెచ్చరిక. కొంచెం ముందే వేగం తగ్గించి, పక్షిని దాటకముందే ఒక పక్కగా ఆగి, ఇంజను ఆపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టకుండా చూస్తే చాలాసేపు అది తన పని తాను చేసుకుంటుంది. ఇంజను ఆపడం చప్పుడు కోసమే కాదు, వణికే కారులో బైనాక్యులర్ నిలవదు.

వేగం గురించి ఇంకో ఆసక్తికరమైన సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులో ఇద్దరు పరిశోధకులు కారు నడుపుతూ రోడ్డు మీది పక్షులు ఎంత దూరంలో లేస్తున్నాయో కొలిచారు. 2013లో వచ్చిన వారి ఫలితం ప్రకారం, వేగపరిమితి ఎక్కువున్న రోడ్ల మీద పక్షులు ఎక్కువ దూరం నుంచే లేచాయి. విశేషం ఏమిటంటే, ఆ రోజు వచ్చిన కారు అసలు వేగంతో ఆ దూరానికి సంబంధం లేదు. అంటే పక్షులు ప్రతి కారు వేగాన్నీ అప్పటికప్పుడు కొలవడం లేదు, ఫలానా రోడ్డు మీద కార్లు సాధారణంగా ఎంత వేగంగా వస్తాయో నేర్చుకుని దానికి తగ్గట్టు నడుచుకుంటున్నాయి. ఈ నేర్పుకూ హద్దుంది. అమెరికాలో కౌబర్డ్ పక్షులకు ఎదురొచ్చే వాహనాన్ని వీడియోలో చూపించి చేసిన ప్రయోగంలో, అవి వాహనం ఎంత వేగంగా వస్తోందన్నది కాక ఎంత దూరంలో ఉందన్నదే చూసి లేచాయి. గంటకు 120 కిలోమీటర్లు దాటిన వేగాల దగ్గర తప్పించుకునే సమయం వాటికి మిగల్లేదు. జాతీయ రహదారి మీద పక్షుల్ని చూడబోవడం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. చూసేవాడికీ ప్రమాదం, పక్షికీ ప్రమాదం. ఊరి రోడ్లు, డొంకలు, కాలువ గట్ల దారులే దీనికి తగినవి. అక్కడ గంటకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే కారు పక్షికి ఎద్దుబండితో సమానం.

అలా పోయినవాడికి ఏం దొరుకుతుంది? చలికాలంలో పొద్దెక్కేదాకా నేల వేడెక్కదు, పైకెగసే వెచ్చని గాలి ఉండదు. అందుకే గద్దలన్నీ తొమ్మిది, పది గంటల దాకా స్తంభాల మీదా గట్ల మీదా కూర్చునే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో చుక్కలా మారే పక్షిని ఆ వేళ కంటి ఎత్తులో, రెక్కల మీది ప్రతి గీతా కనిపించేలా చూడవచ్చు. అడవి రామదాసు అని పేరున్న నల్లరెక్కల గద్ద తీగ మీద తెల్లగా, బూడిదరంగు వీపుతో, భుజం మీద నల్లమచ్చతో కూర్చుని ఉంటుంది. దాని కన్ను నెత్తురు ఎరుపు. చేలోని ఎలుకలే దాని ముఖ్యాహారం. కాసేపటికి లేచి చేను మీద ఒకేచోట రెక్కలు కొడుతూ నిలుస్తుంది, కాళ్లు వేలాడేసి మెట్టుమెట్టుగా దిగుతుంది. కెస్ట్రెల్ డేగ ఇదే పని ఇంకా నేర్పుగా చేస్తుంది. గాలికి ఎదురుగా నిలబడి రెక్కా తోకా ఎడతెగకుండా సర్దుకుంటున్నా తల మాత్రం గాల్లో మేకు కొట్టినట్టు కదలదు. ఒళ్లు ఎంత ఊగినా చూపు ఊగకూడదు, నేల మీద మిడత కదిలితే పట్టాలి. పిల్లిగద్దది వేరే పద్ధతి. అది నిలవదు. రెక్కల్ని కాస్త పైకెత్తి పట్టుకుని, పైరు కొసలకు ఒకటి రెండు నిలువుల ఎత్తున, గట్టు వెంబడి తేలిపోతూ వస్తుంది. గుడ్లగూబ ముఖంలా దాని ముఖం చుట్టూ ఈకల వలయం ఉంటుంది. ఆ వలయం పైరు అడుగున చప్పుడును చెవికి చేరవేస్తుంది. ఉన్నట్టుండి గాల్లోనే పల్టీ కొట్టి పొడవాటి కాళ్లు చాపి గడ్డిలోకి పడిపోతుంది. మగదైతే బూడిదరంగు, ఆడదైతే గోధుమరంగుతో నడుము మీద తెల్లపట్టీ. మాంటెగూ అనే రకం పిల్లిగద్ద మగదానికి రెక్క మీద నల్లగీత ఉంటుంది, లేతరంగు పిల్లిగద్ద మగదానికి ఉండదు. ఆడవాటినీ పిల్లల్నీ వేరుచెయ్యడం మాత్రం నిపుణులకే కష్టం. అలాంటప్పుడు పిల్లిగద్ద అని మాత్రమే రాసుకోవడం నిజాయితీ.

పిల్లిగద్దల దగ్గర కాస్త ఆగాలి. చేలు ఎందుకు ముఖ్యమో వాటికంటే బాగా చెప్పే పక్షి లేదు. ఇవి రాత్రిళ్లు చెట్టెక్కవు. పొద్దుగూకే వేళకు చుట్టుపక్కల నుంచి ఒక్కొక్కటిగా వచ్చి గడ్డిబీడులో నేల మీదే కలిసి మకాం చేస్తాయి. గుజరాత్‌లోని వెలవదర్ అలాంటి మకాంలలో ప్రపంచ ప్రసిద్ధం, ఒకప్పుడు అక్కడ వేలల్లో లెక్కకొచ్చాయి. మనకు నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డిబీడు విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకే. పిల్లిగద్ద రాత్రికి అక్కడ నిద్రపోయినా పగలు మేసేది కంచె లోపల కాదు. చుట్టూ కిలోమీటర్ల పర్యంతం రైతుల చేలల్లో మేస్తుంది. అరగని భాగాల్ని అది ఉండలుగా కక్కుతుంది. వెలవదర్‌లో ఏరిన అలాంటి ఉండల్ని విప్పి చూసినవాళ్లకు ఎక్కువగా కనిపించినవి మిడతల కాళ్లు, దవడలు, రెక్క ముక్కలు. దేశంలోని పిల్లిగద్దల మకాం లెక్కల్ని కూర్చి బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు టి. గణేష్, ఎం.బి. ప్రశాంత్‌లు 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ముప్పై ఏళ్ల కాలంలో వలస వచ్చే పిల్లిగద్దలు తగ్గిపోతున్నాయని ఆ లెక్కలు సూచించాయి. ఆ తగ్గుదల బలంగా కనిపించిన చోట్లలో రోళ్లపాడు ఒకటి. మకాం దగ్గర నిలబడి లెక్కపెడితే ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. అవి పగలంతా ఏ చేలో, ఏ పంట మీద, ఎంత సేపు తిరిగాయో తెలియాలంటే పగటిపూట చేల దారుల్లోకి వెళ్లాలి. అక్కడ కారు తప్ప దారి లేదు.

ఇక్కడ శాస్త్రం తెలిసినవారు వేసే అభ్యంతరం గట్టిది. రోడ్డు మీంచి చూసేది రోడ్డు పక్కదే కదా, అది దేశమంతటికీ ఎలా వర్తిస్తుంది? నిజమే. రోడ్డు పక్కనే కరెంటు తీగలుంటాయి, తీగ మీద కూర్చునే పాలపిట్ట, ఏట్రింత, నల్లరెక్కల గద్ద అక్కడ ఎక్కువ కనిపిస్తాయి. మనుషుల అలికిడి సహించని నేల నెమలి, బట్టమేక లాంటివి రోడ్డుకు దూరంగా ఉంటాయి. యాభై గజాల అవతలి లార్క్ కనిపించదు, అర కిలోమీటరు అవతలి గద్ద కనిపిస్తుంది. అందుచేత రోడ్డు లెక్కను ఎకరాలతో గుణించి జిల్లాలో ఇన్ని పక్షులున్నాయని చెప్పడం తప్పు. కానీ అదే దారిని అదే వేళకు అదే వేగంతో ఏటా తిరిగితే ఈ లోపాలన్నీ ఏటా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మారేది పక్షుల సంఖ్య. అమెరికాలో చాండ్లర్ రాబిన్స్ 1966లో మొదలుపెట్టిన పక్షి సర్వే ఈ సూత్రం మీదే నడుస్తోంది. సుమారు 39 కిలోమీటర్ల రోడ్డు, దాని మీద 50 చోట్ల ఆగడం, ఆగిన చోట మూడు నిమిషాలు. చూసేవాళ్లు ఎక్కువగా జీతం లేని ఔత్సాహికులు. అది వేసవి గూళ్ల కాలపు లెక్కే గాని పద్ధతి రోడ్డుదే. 1970 నుంచి ఉత్తర అమెరికా పక్షులు దాదాపు మూడు వందల కోట్లు తగ్గాయనీ, గడ్డిమైదానాల పక్షుల్లో సగానికి పైగా పోయాయనీ 2019లో లోకానికి తెలిసిందంటే, ఆ లెక్కకు ముఖ్యమైన ఆధారాల్లో ఈ రోడ్డు సర్వే ఒకటి. మన దేశంలోనూ థార్ ఎడారిలో బట్టమేక పక్షుల్ని లెక్కించడానికి వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు మట్టిదారుల మీద గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో వాహనాలు నడుపుతూనే వెతికారు. పక్షి ఎంత దూరంలో కనిపించిందో కూడా రాసుకుంటే, దూరం పెరిగేకొద్దీ చూపు ఎంత తప్పిపోతుందో గణితంతో సరిచేసే పద్ధతులున్నాయి. రోడ్డు పక్క, రోడ్డుకు దూరం అని రెండు గళ్లు గీసుకున్నా ఆ లెక్క విలువ ఎంతో పెరుగుతుంది.

నా దృష్టిలో అంతకంటే చిక్కైన లోపం ఒకటుంది, దాని గురించి తక్కువ మాట్లాడుతారు. చేలో పక్షి లేదా, లేక పైరులో కనబడటం లేదా? జొన్న నిలువెత్తు ఉన్నప్పుడు అందులో వంద పూరేళ్లున్నా కారులోని మనిషికి ఒక్కటీ కనిపించదు. కోత అయిన మర్నాడే ఆ చేను పక్షులతో నిండినట్టు అనిపిస్తుంది. పత్తి చేనూ కంది చేనూ అంతే. పంట మారితే పక్షులు మారినట్టు కనిపించడంలో కొంత నిజం, కొంత కంటి మాయ. ఈ రెండింటినీ వేరుచెయ్యడానికి ఉన్న మందు చౌకైనదే. పక్షి పేరు పక్కన పంట పేరూ దాని ఎత్తూ రాయడం. మోకాలు ఎత్తు శనగతో మోకాలు ఎత్తు శనగనే, కోసిన చేనుతో కోసిన చేనునే పోల్చడం. మన పక్షి ప్రేమికులు జాతుల జాబితా పెంచుకోవడంలో చూపించే శ్రద్ధలో సగం ఈ రెండు మాటలు రాయడంలో చూపిస్తే చాలు.

మిగిలిన అభ్యంతరాల్లో పెట్రోలు ఒకటి. ప్రకృతిని చూడటానికి పొగ వదులుతూ తిరగడం ఏం న్యాయం అన్న ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. నాలుగు వందల కిలోమీటర్లు పరిగెత్తి ఒక అరుదైన పక్షిని చూసొచ్చే యాత్రను నేను సమర్థించను, దానివల్ల తెలిసేదీ తక్కువే. ఇక్కడ చెబుతున్నది ఇంటికి దగ్గరలో ముప్పై, నలభై కిలోమీటర్ల దారి, ఒకే కారులో నలుగురు, ఏటా అదే దారి. మోటారుసైకిలు చౌక కదా అంటే, దాని మీద మనిషి ఆకారమంతా బయటే ఉంటుంది, ఆగితే కాలు నేల మీద పెట్టాలి. కారు పక్షికి చేసే మేలు దానివల్ల జరగదు. ఇంకో అభ్యంతరం, కారు చాటు దొరికిందని మనుషులు మరీ దగ్గరికి పోతారని. అది జరుగుతోంది, ముఖ్యంగా ఫొటో కోసం. బీళ్లలోకి చక్రాలు దింపితే గడ్డి చస్తుంది. ఫిబ్రవరి దాటాక నేల మీద గుడ్లు పెట్టే తీతువులకూ లార్క్‌లకూ అది ప్రాణాంతకం. పిల్లిగద్దల మకాం దగ్గర చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసుకుని తిరిగితే ఆ రాత్రికి అవి చోటు వదిలిపోవచ్చు. దారి దిగకపోవడం, పొద్దుపోకముందే వెనుదిరగడం, రైతు బండికీ ట్రాక్టరుకూ దారి వదలడం, ఇవి పాటించనివాడి కారు మాటు కాదు, ముప్పే.

ఇంత శ్రమ ఎందుకంటే, వలస పక్షి ప్రాణం చలికాలపు చేల మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో ఒక ఘోరం చూపించింది. ఉత్తర అమెరికాలో గూడు కట్టే స్వెయిన్సన్ గద్దలు తగ్గుతున్నాయని 1990లలో అక్కడివాళ్లు గమనించారు. గూళ్ల దగ్గర కారణం దొరకలేదు. కొన్నిటికి ఉపగ్రహ పరికరాలు కట్టి వెంటపడితే అవి చలికాలం గడిపే అర్జెంటీనా చేలల్లో వేల గద్దలు చచ్చిపడి ఉన్నాయి. రైతులు మిడతల మీద మోనోక్రోటోఫాస్ చల్లారు, గద్దలు ఆ మిడతల్ని తిన్నాయి. 1995-96 సీజనులో కళ్లారా లెక్కపెట్టినవే వేలల్లో ఉన్నాయి, మొత్తం 20,000 దాకా చచ్చి ఉంటాయని అంచనా. ఆ మందు పేరు మన పత్తి రైతుకు కొత్తది కాదు. మన చేల మీదికొచ్చే పిల్లిగద్దలు తినేదీ మిడతల్నే. ఐరోపాలో 1980 నుంచి 2016 వరకు వ్యవసాయ భూముల పక్షులు 57 శాతం దాకా తగ్గాయనీ, దానికి ప్రధాన కారణం పురుగుమందులూ ఎరువులతో ముమ్మరమైన సాగేననీ 2023లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అదే ఏడాది వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతుల్ని పరిశీలించి, బయళ్లలో బతికే పక్షులూ వేటాడే పక్షులూ తగ్గుతున్నాయని చెప్పింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా తగ్గుముఖంలో ఉందని, దాని స్థితిని మళ్లీ అంచనా వెయ్యాలని సూచించిన పక్షుల్లో చేర్చింది. ఆ నివేదికకు ఆధారం ముప్పై వేల మంది మామూలు మనుషులు నమోదు చేసిన పరిశీలనలు.

దీనికి రైతును ముద్దాయిగా నిలబెట్టడం అన్యాయం. శనగపచ్చ పురుగు మీద ఎకరానికి పది నుంచి ఇరవై పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతోంది. కర్రలు పాతిన చేలో ఏట్రింతలూ గోరింకలూ వాలి పురుగుల్ని ఏరుకుంటాయి, మందు ఖర్చు కొంత తగ్గుతుంది. కర్రలున్న చేలకూ లేని చేలకూ పక్షుల్లో తేడా ఎంత అన్నది రోడ్డు మీంచి చూసి రాయగలిగిన సంగతే. అంతకంటే పెద్ద ప్రశ్న పిల్లిగద్దలది. వాటి తగ్గుదలకు మూలం కజకస్తాన్‌లో గూళ్ల దగ్గరుందా, దారిలో ఉందా, ఇక్కడి బీళ్లు పోవడంలో, పంటలు మారడంలో, మందుల్లో ఉందా? మకాం లెక్క ఒక్కటే దీన్ని విడమర్చి చెప్పలేదు. గూళ్ల దగ్గరే కష్టమైతే ఇక్కడి అన్ని రకాల చేలల్లోనూ పక్షులు ఒకే తీరుగా పలచబడాలి. కష్టం ఇక్కడిదైతే కొన్ని పంటల మీద నిలిచి, కొన్నిటి మీద మాయమవ్వాలి. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో చెప్పగలిగేది పంట పేరుతో సహా ఏటా రాసిన దారి లెక్క. అందులో పక్షి కనిపించిన చోట్లకు ఎంత విలువో, కనిపించని కిలోమీటర్లకూ అంతే విలువ. పత్తి చేల వెంట ఐదు కిలోమీటర్లు పోయినా ఒక్క పిల్లిగద్దా లేదంటే, అక్కడ సున్నా అని పంట పేరుతో సహా రాసి ముందుకు పోవాలి.